ఇంటి పనిలో బిడ్డల భాగము

చదువవలసిన వాక్యభాగము: లూకా 15:11–32



సంఘములోని ఇండ్లను దర్శించుచు తిరుగునప్పుడు రెండు విధములైన సంగతులు కంటబడుచుండును. ఒక ఇంటిలో తల్లి, "అయ్యగారూ, మా అబ్బాయికి 14 ఏండ్లు వచ్చినవి. తాను తిన్న కంచము తాను తీయడు. సెల్ ఫోను క్రింద పెట్టడు. మీరైనా కాస్త బుద్ధి చెప్పండి" అని మొరపెట్టుకొనును. అదే వీధిలో నాలుగిండ్ల అవతల 12 ఏండ్ల ఆడపిల్ల చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, అంట్లు తోమి, తమ్మునికి స్నానము చేయించి, బడి గంట కొట్టిన పిమ్మట పుస్తకముల సంచితో పరుగెత్తుచుండును. మొదటి ఇంటి బిడ్డకు పని అనునది లేదు. రెండవ ఇంటి బిడ్డకు పని తప్ప మరేమియు లేదు. రెండిండ్లవారును ఆదివారమున దేవుని మందిరమునకు వచ్చుచున్నారు. రెండిండ్లలోను తల్లిదండ్రులు తమ బిడ్డలను ప్రేమించుచున్నారు.

కాబట్టి అడుగవలసిన ప్రశ్న ఇది. బిడ్డలచేత ఇంటి పని చేయించుట న్యాయమేనా? న్యాయమైనయెడల ఏ పని, ఎంత పని, ఎవరిచేత, ఏ మనస్సుతో చేయింపవలెను? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని చిన్నది కాదు. బిడ్డ ఇంటిని ఏలాగు చూచుటకు నేర్చుకొనునో, రేపు తన సంసారమును, సంఘమును, తుదకు పరలోకపు తండ్రిని కూడ ఆలాగే చూచుటకు అలవాటుపడును.

చీపురులో సిగ్గు ఉన్నదా?

మొదట ఒక తండ్రి చెప్పిన మాటను ఆలోచింతము. ఆయన రోజుకూలి చేసికొని బిడ్డలను చదివించుచున్నాడు. "అయ్యగారూ, మా నాయన చిన్నతనమంతా ఊరి పెద్దల దొడ్లలో పేడ ఎత్తి పెరిగినాడు. నేను కూలికి పోయి బ్రతికినాను. నా కొడుకు చేతికి ఆ చీపురు రాకూడదనే గదా చదివించేది? మరల వానిచేత ఊడ్పించమంటారా?" అని ఆయన అడిగెను.

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. మన సంఘములలోని అనేకుల తాతముత్తాతలు పాలేర్లుగాను, వెట్టివారుగాను బ్రతికిరి. తండ్రి చేసిన అప్పునకు కొడుకు పశువులను కాచిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమే. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము మన దేశములో 1976వ సంవత్సరమునగాని రాలేదు. ఆ గాయము ఉన్న తండ్రి తన బిడ్డ చేతిలో చీపురు చూడజాలకపోవుట వింత కాదు.

అయితే సిగ్గు ఎక్కడ ఉండెనో సరిగా చూడవలెను. అది చీపురులో ఉండెనా? పేడలో ఉండెనా? లేఖనములలో రెండు పనులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. నిర్గమకాండము 1వ, 5వ అధ్యాయములలో ఇశ్రాయేలీయులు ఐగుప్తులో మన్ను త్రొక్కి ఇటుకలు చేసిరి. గడ్డి ఇచ్చుట మానిన తరువాత కూడ ఇటుకల లెక్క తగ్గింపబడలేదు. ఎన్నో తరములు గడచిన తరువాత నెహెమ్యా 3వ అధ్యాయములో అదే జనుల సంతతివారు యెరూషలేము గోడను బాగుచేసిరి. అక్కడ కూడ మన్నే, రాళ్ళే, వీపు మీద బరువే. అయినను మొదటిదానిని గూర్చి వారు దేవునికి మొరపెట్టిరి. రెండవదానిని గూర్చి ఎవరు ఎంత గోడ కట్టిరో పేరు పేరున వ్రాసి దాచుకొనిరి. యాజకులు కట్టిరి, కంసాలులు కట్టిరి, పరిమళద్రవ్యములు చేయువారు కట్టిరి. 12వ వచనములో షల్లూము అను అధిపతి తన కుమార్తెలతోకూడ కట్టెనని యున్నది. ఆ పట్టికలో తగ్గు మాట పడినది ఒక్కరికే. 5వ వచనము చూడుడి. తెకోవ ఊరి గొప్పవారు ఆ పనికి మెడ వంచుటకు ఒప్పుకొనలేదు.

రెంటికిని తేడా ఏమి? ఐగుప్తులో వారు కట్టిన పట్టణములో వారికి భాగము లేదు. యెరూషలేములో వారు కట్టిన గోడ వారి ఇంటి ఎదుటి గోడయే. పని ఒక్కటే గాని భాగము వేరు. భాగము లేని పని వెట్టి. తన భాగముగా చేయు పని ఘనత. ఆ తండ్రి తన కుమారుని వెట్టినుండి తప్పింపగోరుట మంచిది. అయితే పనినుండి తప్పించినయెడల, తెకోవ గొప్పవారివలె మెడ వంగనివాడొకడు ఆ ఇంటిలో పెరుగును.

ఇద్దరు కుమారులు, ఒకే పొరపాటు

లూకా 15వ అధ్యాయములోని తండ్రికి ఇద్దరు కుమారులు. మనము చిన్నవానిని గూర్చియే ఎక్కువ ప్రసంగములు వినియున్నాము. ఇంటి పని అను దీపముతో ఇద్దరిని చూతము.

చిన్నవాడు పని విడిచి భాగము అడిగెను. తండ్రి ఆస్తి కావలెను గాని తండ్రి పొలము అక్కరలేదు. పెద్దవాడు భాగమును మరచి పనిని పట్టుకొనెను. 25వ వచనములో అతడు పొలమునుండి వచ్చుచున్నాడు. మంచి పనివాడే. అయితే 29వ వచనములో నోరు తెరచినప్పుడు, ఇన్ని ఏండ్లు నీకు ఊడిగము చేసితిని, నాకొక మేకపిల్లయైనను ఇచ్చితివా అను భావముతో మాటలాడెను. అక్కడ ఉన్న గ్రీకు మాట దాసుడు చేయు సేవను సూచించునది. కుమారుడై యుండి దాసునివలె లెక్క కట్టుకొనెను. తండ్రి ఇచ్చిన ఉత్తరము 31వ వచనములో ఉన్నది. నీవు ఎప్పుడును నాతోనే ఉన్నావు, నాకున్నదంతయు నీదే అను అర్థమిచ్చు ఆ మాటలో తండ్రి హృదయమంతయు కనబడుచున్నది.

మన ఇండ్లలో మొదట చెప్పుకొనిన ఇద్దరు బిడ్డలును ఈ ఇద్దరివంటివారే. కంచము తీయని కుమారుడు భాగము కోరి పని మానినవాడు. చీకటితో లేచు కుమార్తె పని చేయుచున్నది గాని, "ఎప్పటికైనా పరాయి ఇంటికి పోవలసినదానవు" అను మాట వినుచు, ఆ ఇంటిలో తనకు భాగమున్నదని తెలియక పెరుగుచున్నది. తల్లిదండ్రుల పని ఈ రెంటిని కలుపుట. బిడ్డకు పని ఇచ్చునప్పుడు భాగము ఇయ్యవలెను. భాగము ఇచ్చునప్పుడు పని ఇయ్యవలెను.

కొందరు తల్లిదండ్రులు, "వాకిలి ఊడ్చితే పది రూపాయలు ఇస్తాను" అని బిడ్డలను పనికి పిలుతురు. పని జరుగును, నిజమే. అయితే తప్పిపోయిన కుమారుడు 19వ వచనములో ఏమి చెప్పవలెనని తలపోసెను? తన్ను కూలివానిగా పెట్టుకొమ్మని అడుగదలచెను. 21వ వచనములో తండ్రి ఎదుట ఆ మాట అతని నోట రాకమునుపే తండ్రి దాసులను పిలిచి వస్త్రమును ఉంగరమును తెమ్మనెను. తండ్రికి ఇంటిలో కుమారుడు కావలెను. కూలివాండ్రు ఆయనకు ఇదివరకే ఉన్నారు. బిడ్డకు చేతిఖర్చుకు డబ్బు ఇయ్యదలచినయెడల ఇయ్యుడి. ఇంటి పనికి ధర మాత్రము కట్టకుడి. ధర కట్టిన దినమున "ఈ పూట నాకు డబ్బు అక్కరలేదు, నేను చేయను" అనుటకు బిడ్డకు న్యాయము కలుగును.

పని ఎట్లు అప్పగింపవలెను?

మొదటిది, ఆజ్ఞ కంటె బాధ్యత మేలు. "ఒరే, నీళ్ళు తేరా! చీపురు తేవే!" అని రోజంతయు కేకలు వేసినయెడల బిడ్డ పిలుపు వినువాడగును గాని పని చూచువాడు కాడు. "కోళ్ళను సాయంత్రము గంప క్రిందికి చేర్చుట నీ పని, ఉదయమున విడుచుటయు నీదే" అని చెప్పి చూడుడి. ఒక పని మొదటినుండి చివరివరకు తనదైనప్పుడు బిడ్డ మేఘము చూచును, కుక్కను చూచును, గింజలు చూచును. బాలుడైన సమూయేలుకు మందిరములో అట్టి పని ఒకటి ఉండెను. ఆ రాత్రి దేవుడు అతనితో మాటలాడెను. వినిన మాట భయంకరమైనది. అయినను 1 సమూయేలు 3:15 చూడుడి. తెల్లవారగానే అతడు లేచి మందిరపు తలుపులు తెరచెను. దేవుని స్వరము వినిన ఉదయమున కూడ తలుపులు తెరచు పని అతనిదే. అతని ప్రవచన సేవకును ఆ చిన్న పనికిని మధ్య విరోధము లేదు.

రెండవది, చెప్పి పంపుట కంటె కలిసి చేయుట మేలు. ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుని మాటలు బిడ్డలకు నేర్పవలసిన చోట్లు చెప్పబడినవి. ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఇవన్నియు చేతులు పనిలో ఉన్న వేళలే. సండేస్కూలులో గంటసేపు చెప్పినదానికంటె, గోంగూర ఆకు తుంచుచు తల్లి చెప్పిన మాట, గేదెను చెరువుకు తోలుకొనిపోవుచు తండ్రి చెప్పిన మాట బిడ్డ మనస్సులో లోతుగా దిగును. ఎదురెదురుగా కూర్చుండబెట్టి అడిగినప్పుడు నోరు విప్పని పిల్లవాడు, చేటలో బియ్యము పోసి రాళ్ళు ఏరునప్పుడు తానే నోరు విప్పును. యూదుల పెద్దలు కుమారునికి ధర్మశాస్త్రముతోపాటు ఒక చేతిపని నేర్పుట తండ్రి విధియని బోధించిరి. నేర్పనివాడు కుమారునికి దొంగతనము నేర్పినట్టే అనునంత కఠినముగా వారిలో ఒక బోధకుడు చెప్పెను.

మూడవది, చెడగొట్టనియ్యవలెను. ఎనిమిదేండ్ల బిడ్డ బిందె తెచ్చునప్పుడు సగము నీళ్ళు దారిలోనే పోవును. మొదటి అన్నము మాడును. మొదట కొన్ని నెలలు బిడ్డ చేయు సహాయము తల్లికి రెండు పనులగును. అందుచేత, "నువ్వు పో, నేనే చేసికొంటాను" అని చేతిలోనిది లాగుకొందురు. ఆ మాటకు బిడ్డ తెలిసికొను అర్థము, ఈ ఇంటికి నేను అక్కరలేదని. కోడెను మొదటిసారి కాడికి కట్టిన దినమున చాలు తిన్నగా వచ్చునా? అనుభవమున్న ఎద్దు ప్రక్కన కట్టి, వంకర చాలును ఓర్చుకొని, దినదినము దున్నింతుము. కోడెయెడల మనకున్న ఓర్పు కన్నబిడ్డయెడల ఉండవద్దా?

నాలుగవది, ఇంటి లెక్క తెలియజేయవలెను. పదేండ్లు దాటిన బిడ్డకు బియ్యపు బస్తా ఎన్నాళ్ళు వచ్చునో, కరెంటు బిల్లు ఎంతయో, పొదుపు సంఘపు వాయిదా ఎప్పుడో, తాతగారి మందులకు ఎంత అగునో తెలియనిండు. బిడ్డను భయపెట్టుటకు చెప్పవద్దు. మన ఇల్లు ఇట్లు నడచుచున్నదని చూపుటకు చెప్పవలెను. యోహాను 15:15లో ప్రభువు దాసునికిని స్నేహితునికిని ఉన్న తేడా చూపెను. యజమానుడు చేయుచున్నది దాసునికి తెలియదు. శిష్యులకు ఆయన అంతయు తెలియజేసెను, అందుకే వారిని స్నేహితులనెను. పని మాత్రము చెప్పి సంగతి చెప్పనియెడల మన బిడ్డలను మనమే దాసులుగా చేసికొనుచున్నాము.

కుమారుడెందుకు చేయరాదు?

ఇంటి పని ఆడపిల్లదే అను తలంపు మన ఊళ్ళలో ఎంత బలమైనదో చెప్పనక్కరలేదు. 2019వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వపు గణాంక శాఖవారు, జనులు తమ దినమును ఎట్లు గడుపుచున్నారో దేశమంతట విచారించిరి. ఆరేండ్లు మొదలుకొని పై వయస్సు వారిలో జీతము లేని ఇంటి పని చేయు స్త్రీలు 100కి 81 మంది, పురుషులు 26 మంది. ఆ పని చేయువారిలో స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు చేయుచుండెను. క్రైస్తవ గృహములు దీనికి వేరుగా ఉన్నవా అని ఎవరి ఇంటిని వారు పరీక్షించుకొనవలెను.

లేఖనమును చూచిన, తిబెరియ సముద్రతీరమున పునరుత్థానుడైన ప్రభువు తానే నిప్పులు రాజబెట్టి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, రాత్రంతయు కష్టపడి వచ్చిన శిష్యులను భోజనమునకు పిలిచెను (యోహాను 21:9–12). మరణమును జయించిన చేతులు పొయ్యి దగ్గర ఉండుటకు సిగ్గుపడలేదు. మార్టిన్ లూథరుగారు 1522వ సంవత్సరమున వివాహమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథములో, బిడ్డ గుడ్డలు ఉతుకు తండ్రిని చూచి లోకులు నవ్వవచ్చును గాని, అతడు విశ్వాసముతో చేసినయెడల దేవుడు తన దూతలతోకూడ సంతోషించునను భావమును వ్రాసెను. ఇది 500 ఏండ్ల క్రిందటి మాట. మన మిషను బోర్డింగులలో చదివిన తాతలను అడుగుడి. మగపిల్లలే నీళ్ళు తోడిరి, వరండాలు ఊడ్చిరి, తోటకు పాదులు చేసిరి. బోర్డింగులో చేయదగిన పని ఇంటిలో ఎందుకు చేయదగనిదాయెను?

అయితే కుమారుడు తండ్రి మాట వినుటకంటె తండ్రి చేతులను ఎక్కువగా చూచును. తాను మంచము మీద కూర్చుండి మంచినీళ్ళకు కేక వేయు తండ్రి, కుమారుని వంటింటిలోనికి పంపజాలడు. ముందు తానే వెళ్ళవలెను.

హద్దులు

పని బిడ్డ భాగమని చెప్పితిమి. భాగమునకు హద్దు ఉండును. నాల్గవ ఆజ్ఞను చదువుడి (నిర్గమకాండము 20:10). విశ్రాంతి పొందవలసినవారిలో కుమారుడును కుమార్తెయు పేరెత్తి చెప్పబడిరి. దాసదాసీలు, పశువులు కూడ చెప్పబడిరి. బిడ్డ విశ్రాంతి తల్లిదండ్రుల దయ కాదు, దేవుడు నియమించిన హక్కు. ఆదివారము కూడ వంటయంతయు ఆడపిల్ల మీద వేసి తక్కినవారు ఆరాధనకు పోవుట ఈ ఆజ్ఞకు సరిపడదు.

దేశపు చట్టము కూడ ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచితముగా చదువుకొను హక్కు ఇచ్చెను. 2016వ సంవత్సరమున సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్లలోపు బిడ్డలను పనిలో పెట్టుట నిషేధించెను. బడి విడిచిన తరువాతను సెలవులలోను, ప్రమాదము లేని పనులలో తన కుటుంబమునకు సాయపడుటకు ఒప్పుకొనెను. కాబట్టి పత్తి తీయు దినములలో, మిరపకాయ కోతలలో "నాలుగు రోజులే గదా" అని బిడ్డను బడి మాన్పించుట న్యాయము కాదు. ఆ నాలుగు రోజులు పది రోజులగును, పది రోజుల తరువాత బిడ్డకు పాఠము అందదు, పాఠము అందని బిడ్డ బడికి పోవుటకు సిగ్గుపడును. పురుగుమందు కొట్టిన చేలోనికి బిడ్డను పంపుట మరింత తప్పు.

ఆకలిగొన్న ఇంటిలో ఈ మాటలు కఠినముగా తోచవచ్చును. నిజమే. అట్టి ఇంటి భారము ఆ బిడ్డ వీపు మీద పడకుండ సంఘము తన భుజము పట్టవలెను. కోతల దినములలో పసిబిడ్డలను ఒకచోట చేర్చి చూచుకొనుటకు ఇద్దరు పెద్దమ్మలు ముందుకు వచ్చినయెడల, ఎందరో అక్కలు బడికి పోగలరు.

కొలస్సయులకు 3:21లో అపొస్తలుడు తండ్రులను హెచ్చరించెను. బిడ్డలకు కోపము పుట్టించినయెడల వారు మనస్సు క్రుంగిపోవుదురు. చేసిన పనిలో తప్పే ఎంచుట, పనిని శిక్షగా వేయుట, "పక్కింటి పిల్లను చూడు" అనుట, ఇవన్నియు క్రుంగదీయునవే. "ఈ పూట నీవు నీళ్ళు తేబట్టి వంట వేళకు అయినది" అను ఒక్కమాట పది కేకలకంటె ఎక్కువ పని చేయును.

ఎవరికొరకు ఈ ఇల్లు?

కడపట ఒక హెచ్చరిక. యిర్మీయా 7:18లో చక్కగా పని పంచుకొనిన కుటుంబమొకటి కనబడును. బిడ్డలు కట్టెలు ఏరుచున్నారు. తండ్రులు నిప్పు రాజబెట్టుచున్నారు. స్త్రీలు పిండి పిసుకుచున్నారు. ఎంత ఐకమత్యము! అయితే ఆ రొట్టెలు అన్యదేవతకు. ఇంటివారందరు కలిసి పనిచేయుట మాత్రమే చాలదు. మన ఇల్లు మన పరువుకొరకే, ఇచ్చు కట్నము కొరకే, వీధిలో అందరికంటె పై అంతస్తు కట్టుట కొరకే నడచినయెడల, బిడ్డలు ఏరిన కట్టెలు కూడ ఆ పొయ్యిలోనికే పోవును.

కాబట్టి బిడ్డకు అప్పగించు పనులలో ఒకటియైనను ఇంటి గడప దాటనిండు. మంచము పట్టిన అవ్వకు గంజి అందించుట, ఒంటరిగా ఉన్న పొరుగువారికి ఒక బిందె నీళ్ళు పోయుట, ఆదివారమునకు ముందు మందిరము ఊడ్చుట. అప్పుడు బిడ్డ తన ఇంటిలో నేర్చినది దేవుని ఇంటివరకు సాగును.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక సాయంత్రము ఇంటివారందరు కూర్చుండి ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనుడి. మన ఇంటిలో ఎక్కువ పని ఎవరి మీద ఉన్నది? ఏ పనియు లేనివారు ఎవరు? ప్రతి బిడ్డకు "ఇది నాది" అని చెప్పుకొనదగిన పని ఒకటి ఉన్నదా? బిడ్డలను ముందు మాటలాడనియ్యుడి. పెద్దలు తరువాత మాటలాడుదురు గాక. వారు చెప్పునది వినిన తరువాత పనులు మరల పంచుకొని, ఇట్లు ప్రార్థింపుడి:

తండ్రీ, ఈ ఇల్లు నీవిచ్చినది. ఇందులో ఎవరును దాసులుగా ఉండకుండను, ఎవరును అతిథులుగా ఉండకుండను కాపాడుము. చిన్న చేతుల పనిని ఆశీర్వదించుము. పెద్దవారికి ఓర్పు దయచేయుము. నీకున్నదంతయు మాదని చెప్పిన నీ ప్రేమను మా బిడ్డలు మా ఇంటిలోనే మొదట రుచి చూతురు గాక. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.